ఒకే మబ్బు కింద

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజినీరును. ముప్పై ఏళ్లుగా నీళ్లు, కాంక్రీటు, వాటి లెక్కలు తప్ప వేరే పని చేయలేదు. వడ్డీ గురించి, మార్కెట్ గురించి మాట్లాడమని నన్ను ఎందుకు నిలబెట్టారో కమిటీవాళ్లకే తెలియాలి. బహుశా ఇందులో బ్యాంకు వాళ్లను నిలబెడితే వాళ్ల బ్యాంకు గురించి, షేర్ల వాళ్లను నిలబెడితే షేర్ల గురించి చెబుతారని భయపడి ఉంటారు. నా దగ్గర అమ్మడానికి ఏమీ లేదు.

అసలు సంగతి మీకందరికీ తెలుసు. పేద పిల్లల చదువుకోసం స్వర్ణోత్సవ నిధి అని మనం డబ్బు పోగు చేస్తున్నాం. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మన వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా మూడు మాటలు తిరుగుతున్నాయి. ఒక అన్న, ‘మనోళ్లే వ్యాపారస్తులు ఉండారు, నూటికి రూపాయిన్నర వడ్డీ నేను ఇప్పిస్తా’ అన్నాడు. ఒక తమ్ముడు, ‘షేర్లలో పెట్టండన్నా, ఐదేళ్లలో రెండింతలు’ అన్నాడు. ఒక అక్క, ‘ఏదో ఒక బ్యాంకులో పడేయండి, తలనొప్పి వద్దు’ అంది. ముగ్గురూ బడి మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా, రాబోయే ఇరవై ఏళ్లలో జూన్ నెలలో ఫీజు కట్టలేక మానేసే పిల్లల సంఖ్య మారిపోతుంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా లెక్క చూద్దాం.

ముందు రూపాయిన్నర సంగతి. మన లెక్కల సారు ఇక్కడే ఉన్నారు కాబట్టి తప్పు చెబితే బెంచీ ఎక్కించగలరు. నూటికి నెలకు రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. రెండు రూపాయలంటే 24. మన వైపు ‘రెండ్రూపాయలు’ అని మామూలుగా అనేస్తాం. అదే మాట బ్యాంకు భాషలో 24 శాతం అంటే గుండె ఝల్లుమంటుంది. చక్రవడ్డీకి ఒక పాత కిటుకు ఉంది: 72ను వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపు అవుతుందో వస్తుంది. 18 శాతానికి నాలుగేళ్లు. 24కు మూడేళ్లు. బ్యాంకు ఇచ్చే ఏడు శాతానికి పదేళ్ల పైమాట.

మరి ఏడు ఎక్కడ, పద్దెనిమిది ఎక్కడ? ఈ పదకొండు శాతం తేడా ఎందుకు వస్తోంది? వడ్డీ వ్యాపారి దురాశ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. దురాశ ఉండొచ్చు, కానీ ఒక లెక్క కూడా ఉంది. పది మందికి తలా పదివేలు, మొత్తం లక్ష అప్పిచ్చామనుకోండి. ఏడాది తర్వాత ఒక్కొక్కరు 11,800 ఇవ్వాలి. అందులో ఒక్కడు ఎగ్గొడితే మిగిలిన తొమ్మిది మంది దగ్గర వచ్చేది 1,06,200. అదే లక్ష బ్యాంకులో ఉంటే 1,07,000. అంటే పదిమందిలో ఒక్కడు చాలు, రూపాయిన్నర వడ్డీ బ్యాంకు వడ్డీ కంటే తక్కువైపోవడానికి. ఎక్కువ వడ్డీలో ఆ ఎక్కువ భాగం లాభం కాదు. తిరిగి రాని డబ్బుకు ముందుగా వసూలు చేసుకునే పరిహారం.

ఇంతవరకు పుస్తకంలో ఉన్న లెక్కే. పుస్తకంలో లేనిది మన నేలలో ఉంది. ఏటా సరిగ్గా ఒక్కడే ఎగ్గొడితే దాన్ని భరించొచ్చు. మన కర్నూలు, కడప జిల్లాల్లో అట్లా జరగదు. ఐదారేళ్లు పది మందికి పది మందీ ఠంచనుగా కడతారు. ఏడో ఏడు వాన రాదు. అప్పుడు పదిమందిలో ఆరుగురు ఒకేసారి చేతులెత్తేస్తారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. అందరూ ఒకే మబ్బు కింద ఉన్నవాళ్లు. సేద్యం చేసేవాడికి పంట లేదు, సేద్యగానికి ఎరువులు అరువిచ్చిన అంగడాయనకు వసూలు లేదు, అంగడాయన దగ్గర గుమాస్తాకు జీతం లేదు, బట్టల కొట్లో బేరం లేదు. పది వేర్వేరు అప్పులు అనుకున్నవి నిజానికి ఒకే అప్పు. వాన మీద ఇచ్చిన అప్పు.

దీన్ని మన పెద్దలు ఏ కాలేజీకీ పోకుండానే అర్థం చేసుకున్నారు. బుడ్డల చేనులో కంది సాళ్లు ఎందుకు వేసేవాళ్లు? ముందు వాన తప్పితే వెనక వానకు కందులన్నా వస్తాయని. ఇంట్లో నాలుగు గొర్రెలు ఎందుకు? చేను ఎండినా గొర్రె నడిచి పక్క ఊరికి పోయి మేస్తుంది కాబట్టి. చేను నడవలేదు. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్ల ఇళ్లలో జరిగిందీ అదే. కొడుకో కూతురో పంపే దీనారుకు మన వానతో సంబంధం లేదు. ఇక్కడ కరువొచ్చినా అక్కడ జీతం ఆగదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కోడూరు పక్కనే మంగంపేట ఉంది. ప్రపంచంలో పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో అదొకటి. ఆ రాయిని పొడి చేసే మిల్లుల మీద వేల కుటుంబాలు బతుకుతాయి. ముగ్గురాయి పొడి ఎక్కువగా పోయేది ఎక్కడికి? చమురు బావులు తవ్వేటప్పుడు బావిలో దించే బురదకు బరువు పెంచడానికి. ముడిచమురు ధర పెరిగితే ప్రపంచమంతా బావులు తవ్వుతారు, మంగంపేట పొడికి గిరాకీ. 2014 మధ్యలో పీపా నూరు డాలర్ల పైనున్న చమురు 2016 జనవరికి ముప్పై డాలర్ల దిగువకు పడింది. తవ్వకాలు తగ్గినాయి. చమురు దేశాల్లో పనులూ తగ్గినాయి. ఒక ఇంట్లో పెద్దకొడుకు కువైట్‌లో, చిన్నకొడుకు పొడి మిల్లులో ఉంటే ఆ తల్లి ‘మాకు రెండు ఆదాయాలు, వానతో పని లేదు’ అనుకుంటుంది. రెండూ చమురు అనే ఒకే మబ్బు కింద ఉన్నాయని ఆమెకు ఎవరు చెప్పాలి? పది కంపెనీల షేర్లు కొని ‘నేను పంచి పెట్టాను’ అనుకునే మన సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకు కూడా ఇదే అడుగుతాను. ఆ పదీ దేని మీద ఆధారపడి ఉన్నాయి? జీతం ఐటీ కంపెనీ నుంచి, షేర్లు ఐటీ కంపెనీలవి, ఫ్లాటు కొన్నది ఐటీ కంపెనీ పక్కన. ఇది మంగంపేట తల్లి లెక్కే.

ఇప్పుడు ‘గ్యారంటీ’ అనే మాట గురించి. ఎవరైనా గ్యారంటీ వడ్డీ అంటే మనకు ప్రాణం లేచొస్తుంది. దీనికి మన ఇంటి పక్కనే పెద్ద ఉదాహరణ ఉంది. మనమంతా ఈత కొట్టిన కేసీ కాలువ.

కర్నూలు-కడప కాలువను కట్టింది ప్రభుత్వం కాదు. 1850ల చివర లండన్‌లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కట్టింది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర దక్షిణ దేశమంతా నదులను కలిపి పడవలు నడపాలన్న పెద్ద ఆలోచన చేశాడు. దాని నీడలో పుట్టిన కంపెనీ ఇది. షేర్లు కొన్నది ఇంగ్లండు జనం. వాళ్లు తుంగభద్రను చూడలేదు, సుంకేసుల ఎక్కడుందో తెలియదు. ఎందుకు కొన్నారు? పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ ఇచ్చింది కాబట్టి. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా ఏటా యాభై వేల పౌండ్లు వాళ్లకు చేరాల్సిందే. ఎక్కడి నుంచి? ఈ దేశపు రాబడి నుంచి. అంటే మన తాతల తాతలు కట్టిన శిస్తు నుంచి. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు వైపు పోయే రైలు మార్గం కూడా ఇట్లాంటి ఐదు శాతం పూచీతో కట్టిందే. ఇక్కడ ఆర్థిక సభ్యుడిగా పనిచేసి వెళ్లిన మాసీ అనే దొర తర్వాత లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు, ఐదు శాతం ఖాయమయ్యాక పెట్టుబడిదారుడికి తన డబ్బును ఇటుకలు చేసినా హుగ్లీ నదిలో పోసినా ఒకటేనన్న అర్థం వచ్చేట్టు చెప్పాడు. ఇంజినీరుగా నేనంటాను: పూచీ ఉన్నచోట అంచనాలు ఎప్పుడూ తక్కువగా, ఖర్చులు ఎప్పుడూ ఎక్కువగా వస్తాయి. కంపెనీ మూలధనం చాలలేదు, ప్రభుత్వమే మళ్లీ అప్పిచ్చింది. పెద్ద ప్రణాళికలో కట్టగలిగింది సుంకేసుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల ఈ ఒక్క ముక్క.

కాలువ వచ్చింది సరే, నీళ్లు ఎవరు కొన్నారు? ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఉంది. మన నల్లరేగడి రైతు నీళ్లు కొనలేదు. జొన్న, కొర్ర, పత్తి వానకే పండే నేలలో ఏటా నీటి తీరువ ఎందుకు కట్టాలి? వాన బాగున్న ఏడు కాలువ వైపు చూసేవాడు కాదు. వాన తప్పిన ఏడు మాత్రం అందరూ ఒకేసారి నీళ్లు కావాలనేవాళ్లు. లండన్ లెక్కల్లో రైతు ఏటా నీళ్లు కొనే ఖాతాదారుడు. రైతు దృష్టిలో కాలువ నీళ్లు బీమా. బీమాను మంట అంటుకున్నాకే కొంటానంటే ఏ కంపెనీ బతుకుతుంది? రైతుదీ తప్పనలేం. పంట బాగున్నప్పుడు కూడా అతని చేతిలో రొక్కం ఎంతుండేదని? దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి వెళుతూ 1807లోనే మన్రో దొర శిస్తును నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేశాడంటే ఆ భారం ఎంతో ఊహించుకోండి. శిస్తు ఖాయం, వాన ఖాయం కాదు. బాకీ స్థిరంగా, రాబడి అస్థిరంగా ఉన్నచోట మనిషి ఎప్పుడూ ఒక్క చెడ్డ ఏడాది దూరంలోనే ఉంటాడు.

ఆ చెడ్డ ఏడాది 1876లో వచ్చింది. ధాత కరువు. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. కాలువ పారుతూనే ఉంది, పూచీ వడ్డీ లండన్‌కు పోతూనే ఉంది. 1882లో ప్రభుత్వం కంపెనీని కొనేసింది. షేర్లు పెట్టిన వాళ్లు వడ్డీతో సహా బయటపడ్డారు. నష్టం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, జేబు మారింది, అంతే. మీకెవరైనా గ్యారంటీ అంటే అడగాల్సిన ప్రశ్న ఇది: నష్టమొస్తే అది ఎవరి జేబులోకి పోతుంది, ఆ జేబులో అంత డబ్బుందా? మన బడిలో పనిచేసి రిటైరైన ఒక ఉపాధ్యాయుడు గ్రాట్యుటీ మొత్తం ఒక డిపాజిట్ల కంపెనీలో పెట్టారు. పేరు చెప్పను, ఆ కంపెనీ బోర్డు ఇప్పుడు లేదు. వాళ్లూ గ్యారంటీ అనే రాసిచ్చారు. రాసిచ్చిన కాగితం మాత్రం ఆయన దగ్గర భద్రంగా ఉంది.

అయినా ఆ పాత రోజుల్లోనే మన నేల ఇంకో పాఠం చూసింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు ఆగిపోయింది. మన దక్కను రేగడి పత్తికి ఎన్నడూ లేని ధర. బొంబాయిలో డబ్బు వరదై పారింది. సముద్రాన్ని పూడ్చి భూమి అమ్ముతామన్న కంపెనీల షేర్లు కూడా ముఖ విలువకు ఎన్నో రెట్లకు పోయినాయి. 1865 వసంతంలో యుద్ధం ముగిసింది. పత్తి ధర పడింది, షేర్లు పడినాయి, బ్యాంక్ ఆఫ్ బొంబాయి మునిగింది. ఇందులో విచిత్రమేమంటే ఎవరికీ తెలియని రహస్యం ఏమీ లేదు. యుద్ధం ఏదో ఒకరోజు ఆగుతుందని అందరికీ తెలుసు. తెలిసి కూడా తాము ముందే బయటపడతామనుకున్నారు.

అది దూరపు కథనుకుంటే దగ్గరిది చెబుతాను. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, సంజామల, అటు జమ్మలమడుగు, పెద్దముడియం వైపు శనగలు. ఇది మీలో సగం మంది ఇళ్లలో జరిగింది. జేజీ-11 రకం వచ్చాక రేగడిలో పత్తి, పొద్దుతిరుగుడు పోయి శనగ నిండిపోయింది. ధర బాగున్న ఏడు అందరూ శనగే వేశారు. అందరూ వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. 2013, 14 ప్రాంతంలో క్వింటాలు మూడువేల చుట్టుపక్కలకు జారింది. రైతులు అమ్మలేదు. ‘ధర వస్తుంది, ఆగుదాం’ అని గోడౌన్లలో పెట్టి, ఆ రసీదు మీద అప్పు తెచ్చుకున్నారు. ఆగడానికీ ఒక వడ్డీ ఉంటుందని అక్కడే తెలిసింది.

లెక్క వేయండి. మూడువేల సరుకు, రూపాయిన్నర వడ్డీ, నెలనెలా అసలులో కలిసేది. రెండేళ్లకు ఆ క్వింటాలు మీద నిలిచే ఖర్చు 4,290. మూడేళ్లకు 5,130. గోడౌను అద్దె, తరుగు ఇందులో లేవు. అంటే రెండేళ్ల తర్వాత 4,000 ధర వచ్చినా, రైతు ‘ధర పెరిగింది’ అనుకుంటూనే నష్టానికి అమ్ముతున్నట్టు. 2016 చివరలో శనగ పదివేలు దాటింది. ఆగినవాళ్ల అంచనా నిజమే అయింది! కానీ అప్పటిదాకా ఆగగలిగింది ఎవరు? అప్పు లేకుండా నిల్వ పెట్టినవాళ్లు. అప్పు మీద పెట్టినవాళ్లలో చాలామంది సరుకు అంతకుముందే నోటీసులు వచ్చి, వేలమై పోయింది. ఇంకో సగం కథ కూడా ఉంది. పదివేలు చూసి మళ్లీ అందరూ శనగ వేశారు, 2018 వేసవికి నాలుగు వేలకు లోపలే.

సరిగ్గా ఊహించి కూడా నష్టపోవచ్చు అన్నది మార్కెట్లో చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఊహ నిజం కావడానికి పట్టే కాలం వేరు, అప్పు మనల్ని ఆగనిచ్చే కాలం వేరు. ఫోన్‌లో ఆప్షన్లు ఆడే తమ్ముళ్లు దీన్ని ఒక్కరోజులోనే చూస్తారు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన మామూలు మనుషులు కోటికి పైగా. వాళ్లలో 93 శాతం మందికి నష్టం, మొత్తం లక్షా ఎనభై వేల కోట్లకు పైగా అని సెబీయే లెక్క తేల్చింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లను చూసి మనం నవ్వుతాం. వాళ్లకు పోయేది రోజు కూలీ, బస్సు చార్జీ. అంతకుమించి పోదు. ఆ రకంగా వాళ్లే తెలివైనవాళ్లు.

వడ్డీ రేట్లు ఎందుకు పెరుగుతాయి, తగ్గుతాయి అని చాలామంది అడిగారు. రిజర్వు బ్యాంకు గవర్నరు టీవీలో మాట్లాడే భాష నాకూ పూర్తిగా అర్థం కాదు. కానీ మన వీధిలో చీటీ పాట అందరూ చూసిందే. ఇరవై మంది, నెలకు ఐదువేలు, లక్ష చీటీ. వానలు బాగున్న ఏడు ఎవరికీ తొందర లేదు. పదివేలు తగ్గించుకుని పాడుకుంటారు. విత్తనాల కాలం, కాలేజీ ఫీజుల కాలం, లేదా వాన తప్పిన ఏడు, ముప్పై వేలు తగ్గించుకుని అయినా పాడతారు. పాడనివాళ్లకు ఆ నెల పంపకం ఎక్కువ వస్తుంది. డబ్బు అవసరమున్నవాళ్లు ఎక్కువై, ఇవ్వగలిగినవాళ్లు తక్కువైతే దాని ధర పెరగడమే వడ్డీ పెరగడం. దేశం పెద్ద చీటీ. తేడా ఒకటే, అక్కడ పాట మొదలయ్యే ధరను రిజర్వు బ్యాంకు నిర్ణయిస్తుంది. కరోనా ఏడు 2020 మేలో రెపో రేటు నాలుగు శాతానికి దించారు. ధరలు మండాక 2022 మే నుంచి పెంచుతూ 2023 ఫిబ్రవరికి ఆరున్నర చేశారు. 2025లో మళ్లీ తగ్గిస్తూ డిసెంబరుకు 5.25. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు ఈ అంకెలు పాఠం చెప్పక్కర లేదు. ఈఎంఐ పెరగకపోతే నెలల సంఖ్య పెరిగింది, కొందరిది రిటైర్మెంటు దాటిపోయింది.

వడ్డీ పెరిగితే పాత కాగితం విలువ పడుతుందన్న సంగతి మాత్రం కొంచెం చెప్పాలి. మీ దగ్గర రూపాయి వడ్డీకి రాసిన లక్ష ప్రోనోటు ఉంది. ఇప్పుడు వీధిలో వడ్డీ రెండు రూపాయలైంది. మీకు అవసరమొచ్చి ఆ నోటు ఇంకొకరికి మార్చాలంటే లక్ష ఎవరిస్తారు? చాలా తగ్గించుకోవాలి. గడువు ఎంత దూరముంటే అంత ఎక్కువ తగ్గించుకోవాలి. నోటు మంచిదే, రాసినవాడూ మంచివాడే, అయినా నష్టం. 2023 మార్చిలో కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఇట్లాగే పోయింది. అమెరికా ప్రభుత్వ బాండ్లు, అంతకంటే మంచి కాగితం లేదు. కానీ దూరపు గడువువి. వడ్డీలు పెరిగినాయి, డిపాజిటర్లు ఒకేసారి వచ్చి అడిగినారు. అక్కడున్న మన బ్యాచ్ వాళ్లకు ఆ వారాంతం నిద్ర లేదు. డబ్బు ఎప్పుడు కావాలో దాన్నిబట్టి గడువు ఉండాలి. ఇది మన నిధికి నేరుగా పనికొచ్చే మాట.

ఇక షేర్ల తమ్ముడి మాట. నేను షేర్లకు వ్యతిరేకిని కాను. కానీ ‘ఐదేళ్లలో రెండింతలు’ అన్న మాటలో కాలం గురించి పొరపాటు ఉంది. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు. 2009 మార్చికి 8 వేల చిల్లర. 2010 చివర పాత ఎత్తును ముట్టుకుని మళ్లీ దిగి, 2013 చివరికి గానీ దాన్ని గట్టిగా దాటలేదు. 2020లో జనవరి నాటి 42 వేలు మార్చి 23కు 26 వేలైంది, అదే డిసెంబరుకు 47 వేలు దాటింది. ఒకసారి ఐదేళ్లు పైన, ఒకసారి తొమ్మిది నెలలు. ఎంత కాలం పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆగగలిగినవాడికే ఆ లాభం.

ఇంజినీర్లం మేం ప్రమాదాన్ని ఎట్లా చూస్తామో ఒక్కటి చెబుతాను. నూరేళ్ల వరద అంటాం. జనం నూరేళ్లకు ఒకసారి వస్తుందనుకుంటారు. దాని అర్థం, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. మన బడి వయసు యాభై ఏళ్లు. ఈ యాభై ఏళ్లలో నూరేళ్ల వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం ఎంత? 0.99ను యాభైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయండి. దాదాపు నలభై శాతం. తక్కువేం కాదు. 2009లో సెప్టెంబరు దాకా మనం కరువు గురించి మాట్లాడుకున్నాం. అక్టోబరు 2న కర్నూలు నీళ్లలో ఉంది. తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఊరు. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద, డ్యామును లెక్కగట్టింది 19 లక్షల చిల్లరకు. డ్యాము నిలబడింది. ఎందుకు నిలబడిందంటే, కట్టినవాళ్లు లెక్కకు వచ్చినదాని మీద ఇంకొంత మార్జిను పెట్టారు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము మట్టికట్ట నిలబడలేదు, కింది ఊళ్లు కొట్టుకుపోయినాయి. మా వృత్తిలో సగటు వర్షపాతానికి డ్యాము కట్టినవాణ్ని ఉద్యోగంలో ఉంచరు. డబ్బు దగ్గరకొచ్చేసరికి ఇంజినీర్లు కూడా సగటు రాబడి చూసి సంతకం పెడతారు.

ఇప్పుడు మన నిధి. పది లక్షలు అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది. ఈ డబ్బుతో మనం చేయాల్సింది ఏటా జూన్‌లో ఫీజులు, పుస్తకాలు. మనల్ని అడిగే పిల్లలు ఏ ఏడు ఎక్కువగా వస్తారు? వాన తప్పిన ఏడు. ఆ ఏడు పొద్దుటూరులో బంగారం బేరం కూడా ఉండదు, మనం రూపాయిన్నరకు ఇచ్చిన వ్యాపారి కూడా ‘ఈ ఒక్క ఏడు ఆగండన్నా’ అంటాడు. నిధి ఎప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టాలో సరిగ్గా అప్పుడే నిధి దగ్గర డబ్బుండదు. ఆ అన్న నిజాయితీ మీద నాకు అనుమానమే లేదు. ఆయన కూడా మన మబ్బు కిందే ఉన్నాడు, అదే ఇబ్బంది. ఇంకా, పన్ను మినహాయింపు తీసుకునే సంస్థ డబ్బు ఎక్కడ పెట్టొచ్చో చట్టంలో జాబితా ఉంది. తెలిసినాయనకు వడ్డీకి ఇవ్వడం ఆ జాబితాలో లేదు. ఆడిటరును అడిగి ఖాయం చేసుకోండి.

అందుకని నా ప్రతిపాదన ఇది. ముందు ఒక మామూలు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది, కరువు ఏడాదికి ఎంత అవుతుంది అని హెడ్మాస్టరు గారి దగ్గర లెక్క తీసుకుందాం. ఐదేళ్ల ఖర్చును, అందులో రెండేళ్లు కరువు లెక్కనే, ఐదు ఫిక్సుడు డిపాజిట్లుగా విడగొట్టి, ఏటా మే నెలలో ఒకటి గడువు తీరేట్టు పెడదాం. తీరినదాంట్లో మిగిలింది మళ్లీ ఐదేళ్లకు. వడ్డీలు పెరిగినా తగ్గినా ఏటా ఐదోవంతు మాత్రమే కొత్త రేటుకు పోతుంది కాబట్టి ఎప్పుడు పెట్టాలన్న జ్యోతిషం అక్కర్లేదు. ఒక్క బ్యాంకులో వద్దు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల దాకానే. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. రెండు మూడు బ్యాంకులు, ఒక్కోదాంట్లో ఐదు లక్షల లోపు.

ఐదేళ్ల ఖర్చు పక్కన పెట్టాక మిగిలేది ఉంటే, దాన్ని ఆడిటరు ఒప్పుకుంటే ఇండెక్స్ ఫండులో. ఒకేసారి కాదు, రెండేళ్లలో నెలనెలా. పదేళ్లు ముట్టుకోకూడదని తీర్మానం రాసి, దాని మీద ఇప్పటి కమిటీతో పాటు చిన్న బ్యాచ్‌ల వాళ్ల సంతకాలు కూడా తీసుకోవాలి. పదేళ్ల తర్వాత మనలో ఎంతమందిమి కమిటీలో ఉంటామో తెలియదు. మార్కెట్ సగానికి పడిన రోజు ‘అమ్మేయండి’ అని గ్రూపులో కేకలు వస్తాయి; ఆ రోజు ట్రెజరరు ఆ తీర్మానం ఫోటో పెట్టి ఊరుకోవాలి. ఫీజులు ఏటా పెరుగుతాయి, ఏడు శాతంతో మాత్రమే వాటి వెంట పరుగెత్తలేం, అందుకే ఆ భాగం. బ్యాంకు అక్క మాట సగం, షేర్ల తమ్ముడి మాట కొంత తీసుకున్నట్టైంది.

రూపాయిన్నర అన్నకు కూడా ఒక పని ఉంది. ఊళ్లో ఏ ఇంట్లో ఇబ్బంది ఉందో ఆయనకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. ఎవరికి అప్పు ఎందుకు కావాలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు. ఫీజు సాయం ఎవరికి ఇవ్వాలో ఎంచే ముగ్గురి కమిటీలో ఆయన ఉండాలని నేను పేరు ప్రతిపాదిస్తున్నాను. లెక్కల కాగితం ట్రెజరరుకు ఇచ్చాను, భోజనాల తర్వాత అందరికీ జెరాక్సులు ఇస్తారు. సారు ముందుగా చూసి, నా భాగహారాలు సరిగా ఉన్నాయో లేదో చెబితే తీర్మానం సాయంత్రం సభలో పెట్టుకోవచ్చు.